కుడి బ్యాకు, కుడి చెవి

"గట్టుకు కొట్టు" అన్నాడు కోచ్. కుడి బ్యాకుకి అది "జట్టుకు కొట్టు" అని వినపడింది. ఆ ఆదివారం పొద్దుగుంకేసరికి నది ఒడ్డున ఉన్న మా గ్వామా పేటలో స్థిరపడిన చరిత్ర ఇది.

స్థిరపడేముందు పెద్ద రభసే అయింది. గట్టు మీద నిలబడి ఆట చూసిన జనంలో సగం మంది కోచ్ గట్టనే అన్నాడన్నారు. పావు మంది జట్టన్నాడన్నారు. మిగతా పావు మంది "పట్టు" అన్నాడని పట్టుబట్టారు. పట్టుబట్టినవాళ్ల చేతుల్లో సీసాలు పట్టుబడ్డాయి కాబట్టి వాళ్ల సాక్ష్యం చెల్లలేదు.

జరిగింది మాత్రం అందరూ చూశారు. పేటల ఫుట్‌బాల్ లీగ్‌లో సెమీఫైనల్. పామాయిలు మిల్లు జట్టు మీద మా ఎస్ట్రేలా జట్టు ఒక గోలు ముందుంది. ఇంకా ఆరు నిమిషాల ఆట ఉంది. మధ్యాహ్నపు వాన ఎప్పట్లాగే వచ్చి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ తన నీళ్లన్నీ నది గట్టు మొదట్లో, మైదానం అంచున వదిలేసి వెళ్లింది. ఆ నీళ్లలో పిక్కల్లోతున నిలబడి ఉన్నాడు మా కుడి బ్యాకు జురాందిర్. రెండో నంబరు చొక్కా, ముప్పై నాలుగేళ్ల వయసు. బంతి అతని కాళ్ల దగ్గర బాతుపిల్లలా తేలుతోంది. గట్టు మీంచి కోచ్ ఎగోన్ అరిచాడు. బంతిని గట్టు దాటించి నదిలో పడేస్తే దాన్ని తేవడానికి పడవ వెళ్లాలి. పడవ తిరిగొచ్చేసరికి ఆరులో మూడు నిమిషాలు నీళ్లలో కలిసిపోతాయి. కోచ్ లెక్క అది. ఎగోన్ పేరుకు తగ్గట్టు ఏ బంతినైనా ఎగరేసి కొట్టమనే మనిషి.

జురాందిర్ ఎగరేయలేదు. బంతి కిందికి కాలివేళ్లు పోనిచ్చి, పులుసులోంచి ముక్కను గరిటెతో తీసినట్టు మెల్లిగా పైకి తీసి, లోపలికి, మైదానం నడుమ ఉన్న ఒసివాల్దోకి ఇచ్చాడు. ఎనిమిది గజాల పాస్. చక్కటి పాస్. ఒసివాల్దో మాత్రం అటు చూడటం లేదు. బంతి అతని మడమకి తగిలి పక్కకు పోయింది. మిల్లువాళ్ల బక్క ఫార్వర్డ్ దాన్ని ఎత్తుకుపోయి మా గోల్లో పెట్టాడు. ఒకటి, ఒకటి. ఇంక ఎవరూ గోల్ చెయ్యలేదు. డ్రా అయితే మళ్లీ ఆడాలని నియమం. వచ్చే ఆదివారం, ఇదే మైదానం, వాన వెనక.

పాస్ ఇచ్చినవాడే ఫెయిలయ్యాడురా అని గట్టు మీద ఎవడో అన్నాడు. జనం నవ్వారు. జురాందిర్ నవ్వలేదు.

ఎగోన్ గట్టు దిగి వచ్చాడు. చెడ్డవాడు కాదు. దక్షిణాది నుంచి బదిలీ మీద వచ్చిన గిడ్డంగి సూపర్వైజరు. సరుకును అరల్లో సర్ది సర్ది, మనుషుల్ని కూడా అరల్లో సర్దే అలవాటు పడ్డాడు. ఆటగాళ్లంతా అతన్ని ప్రొఫెసర్ గారూ అంటారు, ఇక్కడ కోచ్‌ని అలాగే అంటారు కాబట్టి. అతను అరవలేదు. గొంతు తగ్గించే అడిగాడు, తను చెప్పింది వినపడిందా లేదా అని. వినపడకపోతే సరే, అది పొరపాటు, ఎవరికైనా జరుగుతుంది. వినపడీ చెయ్యలేదంటే మాత్రం ఆ చొక్కా వచ్చే ఆదివారం ఇంకొకడు వేసుకుంటాడు.

జురాందిర్ నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే అతని కాలి మీద ఒక చెప్పు పడింది. చెప్పులో దొనా జెనెరోజా ఉంది. ఆవిడ మా క్లబ్బు ప్రెసిడెంటు, దొనా అంటే మా వాడుకలో అమ్మగారు. అసాయి పళ్ల రసం దుకాణం నడుపుతూ జట్టు మొత్తానికీ వండిపెడుతుంది. పేరులో రోజా, నోట్లో ముళ్లు. ఆవిడ జురాందిర్ కుడి చెవి పట్టుకుని, సంతలో చేప మొప్పలు తెరిచి చూపించినట్టు కోచ్‌కి చూపించింది.

"ఇరవయ్యేళ్ల నుంచీ పడవ ఇంజన్ల పక్కన పని చేస్తున్నాడు ప్రొఫెసర్ గారూ. ఈ చెవి ఎప్పుడో పోయింది. మీరు గట్టంటే పాపం జట్టనుకున్నాడు."

తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఆ మౌనాన్ని చెవుడు కింద జమ కట్టేశారు. ఎగోన్ అతని భుజం తట్టి, నోరు బాగా కదిలిస్తూ, పర్లేదు, పర్లేదు అన్నాడు.

అసలు సంగతేమిటంటే, జురాందిర్‌కి వినపడింది. గంట కొట్టినట్టు వినపడింది.

*

సోమవారం నుంచీ పేటలో అందరూ అతనితో అరిచి మాట్లాడటం మొదలుపెట్టారు. రొట్టెలమ్మేవాడు వేళ్లు చూపించి ఎన్ని కావాలని అడిగాడు. చర్చి దగ్గర ముసలావిడ వెల్లుల్లి నూనె సీసా చేతిలో పెట్టి రోజూ రెండు చుక్కలు వేసుకోమంది. ఇంట్లో భార్య మరిల్దా ఒక్కతే ఏమీ ఆశ్చర్యపోలేదు. ఈయనకి వినపడదని పన్నెండేళ్లుగా చెప్తూనే ఉన్నాను, నా మాట ఎవరు విన్నారు గనక, అంది.

మంగళవారం ప్రాక్టీసుకి ఎగోన్ ఒక తెల్ల బోర్డూ, ఒక ఎర్ర రుమాలూ తెచ్చాడు. బోర్డు మీద అయస్కాంతం బిళ్లలు. జట్టులో ఒక్కొక్కడికి ఒక్కో బిళ్ల. రెండో నంబరు బిళ్లను కుడి మూలకు, బోర్డు చట్రానికి ఆనించి పెట్టాడు. రుమాలు ఊపితే గట్టుకు కొట్టాలని అర్థం. ఇది చెవితో పనిలేని ఏర్పాటు. నీ కోసమే తెచ్చానన్నాడు, నిజంగా ప్రేమగానే.

జురాందిర్ బిళ్ల వంక చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని చూపుడువేలితో రెండంగుళాలు లోపలికి జరిపాడు.

"నీళ్లలో లైను వెంబడి బంతి పోదు ప్రొఫెసర్ గారూ. ఆగిపోతుంది. గట్టుకు కొడితే త్రో వాళ్లదే, మళ్లీ మన మీదకే వస్తారు. అక్కడ్నుంచి ఒకటే దారి, లోపలికి. ఒసివాల్దోకి ఇస్తే వాడు అవతల మెరకలో ఉన్న నతాన్‌కి ఇస్తాడు. అక్కడ నేల పొడి. మనం ముగ్గురం రెండు పాసుల్లో మైదానం దాటేస్తాం."

నతాన్ మా ఎడమ బ్యాకు. తన పేరు వినపడగానే తల ఎత్తి, ఎగోన్ మొహం చూసి, మళ్లీ దించుకున్నాడు.

ఎగోన్ ఓపిగ్గా బిళ్లను మూలకు నెట్టాడు. చెవిటివాడితో మాట్లాడుతున్నాడు కాబట్టి ఒక్కో మాటా విడగొట్టి, పేటంతా వినేలా చెప్పాడు: "ఫుల్. బ్యాక్. ఫుల్లుగా. బ్యాక్‌లో. ఉండాలి. పాసులు. ఇవ్వడానికి. వేరేవాళ్లు. ఉన్నారు."

నీళ్లు తాగుతున్న గోల్‌కీపర్ మౌరోకి పొరబోయింది.  జురాందిర్‌కి చెప్పడానికి ఇంక ఒకటే మాట మిగిలింది, ఆ మాట అంటే చొక్కా పోతుంది.

బుధవారం పొద్దున రేవులో, తను పనిచేసే సెవేరో బాబాయ్ పడవ నుంచి పిండి బస్తాలు దించుతూ, ఆ మాట బాబాయ్ దగ్గర అనేశాడు. సెవేరో బాబాయ్ సొంత అన్న కొడుకుని కూడా తప్పు చేస్తే నీళ్లలోకి తోసే మనిషి. అయినా ఆ రోజు మెత్తగానే చెప్పాడు. చెవిటివాడివని ఒప్పుకుంటే నీదేం పోయిందిరా, ఆడతావు, ఫైనల్‌కి వెళ్తావు, వయసు కూడా అయిపోతోంది, ఇంకోసారి వస్తుందో రాదో, అన్నాడు.

జురాందిర్ బస్తాను భుజం మీంచి దించాడు. పిండి దులుపుకోలేదు.

"అప్పుడది పొరపాటున పోయిన బంతి అవుతుంది బాబాయ్. నేనిచ్చిన పాస్ కాదు."

సెవేరో బాబాయ్ ఒక్క క్షణం ఇంజన్ ఆపాడు, ఆ మాట సరిగ్గా విందామని. తర్వాత మళ్లీ తాడు లాగి ఇంజన్ స్టార్టు చేశాడు.

*

శనివారం క్లబ్బు పైకప్పుకి పెంకులు వచ్చాయి. నదికి ఎగువనున్న బట్టీ నుంచి, సెవేరో బాబాయ్ పడవలో, మూడు వేలు. బట్టలు మార్చుకునే గది కప్పు పోయి రెండు వానాకాలాలైంది. ఇలాంటి పనికి మా దగ్గర కూలీల్ని పెట్టరు. జట్టంతా వస్తుంది, దొనా జెనెరోజా కుండ ఎక్కిస్తుంది, పని అయ్యాక అందరూ ఒకే చోట తింటారు. రానివాడి పేరు ఏడాది పొడుగునా ఆవిడ నోట్లో నానుతుంది కాబట్టి రానివాడంటూ ఉండడు.

పడవ నుంచి గది దాకా మనుషులు వరసగా నిలబడాలి. పెంకులు రెండేసి చొప్పున చేతులు మారుతూ పోవాలి. నదిలోకి ఎక్కిన సముద్రపు పోటు తీసేలోపు పడవ ఖాళీ కావాలి, లేకపోతే బురదలో కూర్చుంటుంది. వాన రాకముందే పెంకులు లోపలికి చేరాలి, లేకపోతే మనుషులు బురదలో కూర్చుంటారు.

ఎగోన్ బోర్డు తెచ్చాడు. పద్నాలుగు బిళ్లలు వరసగా అతికించాడు. పడవకీ ఒడ్డుకీ మధ్య ఊగే పలక మీద అందరికన్నా బలమైనవాణ్ణి నిలబెట్టాలని అతని లెక్క. మౌరో. రెండో నంబరు బిళ్ల చిట్టచివర, గదిలోపల. పెంకులు పేర్చే పని. తను మాత్రం వరసలో చేరకుండా గట్టు మీద గడియారం పట్టుకుని నిలబడ్డాడు.

మౌరో బలం గురించి ఎవరికీ సందేహం లేదు. రెండు పెంకుల్ని రెండు పావురాల్లా ఎగరేశాడు. పావురాలు ఒడ్డున వాలాయి, ముక్కలై. పలక ఊగింది, ఇంకో రెండు నదిలో వాలాయి. త్వరగా, త్వరగా అని గట్టు మీంచి ఎగోన్ అంటున్నాడు. అన్నప్పుడల్లా వరసలో నాలుగు తలలు అటు తిరుగుతున్నాయి. తిరిగిన ప్రతి తలకీ ఎక్కడో ఒక పెంకు పగులుతోంది. పన్నెండోది ఒసివాల్దో మోకాలికి తగిలింది. అతను గొంతుక్కూర్చున్నాడు.

సెవేరో బాబాయ్ చేతులు దులుపుకుని పడవ తాడు విప్పడం మొదలుపెట్టాడు.

ఏం చేస్తున్నావని దొనా జెనెరోజా పొయ్యి దగ్గర్నుంచే అడిగింది. అతను తాడు వదలకుండానే చెప్పాడు: "పోటు మీ ప్రొఫెసర్ బోర్డు చూసి ఆగదు జెనెరోజా. పలక మీదకి జురాందిర్‌ని పంపు. లేదంటే ఈ పెంకులు వెనక్కి తీసుకుపోతాను, మీ క్లబ్బుకి కొబ్బరాకులు కప్పుకోండి."

ఆవిడ గరిటె చూపించింది. గరిటె ముందు బోర్డు ఆగదు. జురాందిర్ గదిలోంచి వచ్చాడు, పెంకుల ఎర్ర పొడి మోచేతుల దాకా పూసుకుని. చెప్పులు విప్పి, పలక మీద కుడి పాదం అడ్డంగా, ఎడమ పాదం పొడుగ్గా పెట్టి నిలబడ్డాడు. ఒకసారి ఊపి చూసుకున్నాడు. ఒసివాల్దోని తన పక్కనే నిలబెట్టుకున్నాడు.

మొదటి రెండు పెంకులు సెవేరో బాబాయ్ చేతుల్లోంచి అతని చేతుల్లోకి వచ్చాయి. వచ్చినవి పొట్ట దగ్గర ఆగాయి. అతను నడుము తిప్పి, అలాగే ఉన్నాడు. ఇవ్వలేదు. ఒసివాల్దో చేతులు చాచి, పక్కచూపులు చూస్తున్నాడు.

"నన్ను చూడు" అన్నాడు జురాందిర్.

ఒసివాల్దో చూశాడు. అప్పుడు పెంకులు కదిలాయి. విసిరినట్టు లేదు, ఒకరి ఒళ్లోంచి ఇంకొకరి ఒళ్లోకి పసిబిడ్డని మార్చినట్టు. చూపు అందాకే పెంకు అందాలి. రేవులో పని నేర్పేవాళ్లు మొదటి రోజు నేర్పేది ఇదొక్కటే. పలక మీదున్నవాడు వరసకి మొదటివాడు. వాడి నడుము తిరిగే జోరే మిగతా పదమూడు నడుముల జోరు. కాసేపటికి వరసంతా ఒకే ఊపులోకి వచ్చింది. గట్టు మీంచి త్వరగా అన్న మాట వస్తూనే ఉంది గానీ తలలు తిరగడం మానేశాయి.

రెండొందలో, మూడొందలో పెంకులు అయ్యాక ఒసివాల్దో, చూపు మరల్చకుండానే, మెల్లిగా మొదలుపెట్టాడు.

"ఒరే జురా. ఆ రోజు కూడా నేను అటే చూశానురా. ప్రొఫెసర్ గట్టుకు అనగానే, నువ్వు గట్టుకే కొడతావు గదా అని గట్టు వైపు తిరిగాను. నువ్విచ్చింది చూడనేలేదు. ఆ గోలు నాది."

పెంకులు. నడుము. చూపు. పెంకులు.

"అంత దూరంలో ఉన్న నాకే వినపడింది" అన్నాడు ఒసివాల్దో. "కింద నిలబడ్డ నీకు వినపడలేదా?"

జురాందిర్ చేతుల్లో పెంకులు ఒక్క లిప్త ఆగాయి. సెవేరో బాబాయ్ పైన వంగి, తర్వాతి రెండూ పట్టుకుని, తొందరపెట్టకుండా నిలబడ్డాడు.

"వినపడింది."

ఒసివాల్దో ఆ పెంకులు అందుకున్నాడు. తన పక్కవాడి వైపు తిరిగాడు, వాడి చూపు అందేదాకా ఆగాడు, పెంకులతో పాటు ఆ మాట కూడా చేతిలో పెట్టాడు. వినపడిందట. పక్కవాడు నతాన్. నతాన్ తన పక్కవాడికిచ్చాడు. మాట పెంకు పెంకుకీ ఎక్కి గట్టెక్కి, ఎగోన్ మోకాళ్ల ముందునుంచే దాటుకుని, మౌరో దగ్గర ఒక నవ్వు కలుపుకుని, గదిలోపల పేర్చేవాడి దాకా పోయింది. ఎక్కడా కింద పడలేదు, ఎక్కడా పగల్లేదు. పడవ ఖాళీ అయ్యేసరికి జట్టులో ఆ సంగతి తెలియనివాడు ఒక్కడే మిగిలాడు. అతను గడియారం చూసి, అనుకున్న వేళకి అయిపోయింది, నా ఏర్పాటు బాగుంది అన్నాడు.

మొదటి చినుకు కొత్త పెంకు మీద టప్పున పడింది.

*

ఆదివారం వాన కాస్త ఎక్కువే కురిసింది. టాస్ ఓడిపోయాం. మొదటి సగంలోనే జురాందిర్‌కి గట్టు పక్క నీళ్లు వచ్చాయి. మిల్లువాళ్లకి కిందటివారం కోచ్ అరుపు గుర్తుంది, రుమాలు కబురు కూడా అందింది. ఇద్దర్ని నీళ్ల అంచున కాపు పెట్టారు, కుడి బ్యాకు ఎలాగూ గట్టుకు కొడతాడు, త్రో మనదే అని.

నాలుగో నిమిషంలో బంతి వచ్చింది. గట్టు మీద ఎర్ర రుమాలు ఊగింది. జురాందిర్ తలెత్తి రుమాలు వంక చూశాడు. దొంగచూపు కాదు. చూస్తున్నట్టు గట్టు మీద ఉన్న అందరికీ తెలిసేలా, మెడ పూర్తిగా తిప్పి చూశాడు. తర్వాత నడుము తిప్పి, లోపలికి చూశాడు. ఒసివాల్దో కళ్లు అక్కడే ఉన్నాయి. బంతి పోయింది. ఒసివాల్దో ఆపలేదు, వచ్చిన ఊపునే అవతలికి మళ్లించాడు. అవతల మెరక మీద, పొడి నేలలో, నతాన్ ముందు ఇరవై గజాలు ఖాళీ. కాపున్న ఇద్దరూ నీళ్ల అంచున ఇంకా నిలబడే ఉన్నారు, బస్సు వెళ్లిపోయాక స్టాపులో మిగిలిన జంటలా.

నాలుగుసార్లు అలా జరిగింది. నాలుగుసార్లూ రుమాలు ఊగింది, నాలుగుసార్లూ అతను చూశాడు. ఐదోసారి నతాన్ ఇచ్చిన బంతిని మా ఫార్వర్డ్ తలతో గోల్లోకి దింపాడు. రెండో సగంలో వైపులు మారాయి. ఇప్పుడు నీళ్లు నతాన్‌వి, పొడి నేల జురాందిర్‌ది. అదే దారిలో పాస్ అటు నుంచి ఇటు వచ్చింది. జురాందిర్ దాన్ని తీసుకుని, పదహారేళ్ల ఆటలో ఎప్పుడూ వెళ్లనంత ముందుకు వెళ్లి, మళ్లీ లోపలికే ఇచ్చాడు. ఒసివాల్దో రెండోది కొట్టాడు. గెలిచాక చూస్తే ఎగోన్ చేతిలో రుమాలు రంగు కారి, అతని మోచేయంతా ఎర్రగా ఉంది.

కొత్త కప్పు కింద బెంచీలు వేశారు. అసాయి గిన్నెలు, వేయించిన చేప, కర్రపెండలం రవ్వ. జట్టు, జట్టు వెనక గట్టు మీది జనం, కిటికీల్లోంచి తలలు. రెండో నంబరు చొక్కా ఇంకా నీళ్లు కారుతూనే ఉంది. ఎగోన్ లేచి నిలబడ్డాడు. సంతోషంతో అతని కళ్లు తడిగానే ఉన్నాయి. గెలుపు అందరిదీ అన్నాడు. మన జురాందిర్‌కి వానలో రుమాలు కనపడలేదు, ఆ పొరపాటు కూడా మనకి కలిసొచ్చింది, దేవుడు ఒక చెవి తీసుకుని ఒక అదృష్టం ఇచ్చాడు, కాబట్టి నేనేమీ అనుకోవడం లేదు, అన్నాడు. ఫైనల్‌కి పెద్ద జెండా తెస్తానన్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. జట్టులో ఎవడూ కొట్టలేదు. పదముగ్గురూ జురాందిర్ వైపు చూశారు. చూపు అందింది.

బల్ల కింద దొనా జెనెరోజా చెప్పు అతని పాదం కోసం వెతుకుతోంది. అతను పాదం పక్కకి తీసుకుని లేచాడు. చొక్కా విప్పాడు. నీళ్లు పిండి, నాలుగు మడతలు పెట్టి, అంకె పైకి వచ్చేలా ఎగోన్ గిన్నె పక్కన పెట్టాడు.

"కిందటివారం మీరు గట్టుకు అన్నారు ప్రొఫెసర్ గారూ. గట్టుకు అనే విన్నాను. ఇవాళ రుమాలు ఊపారు, ఐదుసార్లు, ఐదుసార్లూ చూశాను. రెండు ఆదివారాలూ పాసిచ్చింది నేనే. పొరపాటు కాదు, అదృష్టం కాదు. ఫైనల్లో కూడా అక్కడ్నుంచి లోపలికే ఇస్తాను. చొక్కా ఇస్తారో, ఇంకొకడికిస్తారో మీ ఇష్టం. నాకిచ్చేటట్టయితే మాత్రం నా చెవిని చూసి ఇవ్వకండి."

కప్పు మీంచి ఆఖరి నీళ్లు ఒక్కో చుక్కా కారుతున్నాయి. కిటికీల్లో తలలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ఎగోన్ మొహంలో కోపం ఇంకా రాలేదు. ముందు అర్థం కావాలి గదా.

"ఏమన్నావ్?" అన్నాడు.

దొనా జెనెరోజా గరిటె కింద పెట్టింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఎగోన్ కుడి చెవి దగ్గర చెయ్యి దొప్ప చేసి, ఒక్కో మాటా విడగొట్టి, కిటికీల దాకా వినపడేలా చెప్పింది.

"వాడికి. చెవుడు. లేదు. ఆ మాట పుట్టించింది నేను. మీరు గట్టన్నారు, వాడు గట్టనే విన్నాడు. జట్టన్న మాట మీరెప్పుడూ అనలేదు ప్రొఫెసర్ గారూ. బంతితో అది అన్నవాడు వాడు."